పది గంటల పన్నెండు నిమిషాలు

పేరయ్య నోరు మూయించడానికి ప్రపంచం రెండుసార్లు ప్రయత్నించింది. మొదటిసారి పక్షవాతాన్ని పంపింది. రెండోసారి ఈమెయిల్ పంపింది.

పక్షవాతానికి ముందు పేరయ్య ఎడ్ల బండలాగుడు పోటీల్లో మైకు ముందు కూర్చునే మనిషి. అద్దంకి నుంచి మాచర్ల దాకా ఎక్కడ బండ కట్టినా వ్యాఖ్యానం ఆయనదే. ఇక్కడ ఆయన "లాగు నాయనా లాగు" అని కేకేస్తే, పక్క మండలంలో కొట్టంలో కట్టేసిన ఎద్దు గుంజ పీక్కుని మూడు వందల అడుగులు నడిచేదని చెప్పుకునేవాళ్లు. కొలిచినవాళ్లు మూడు వందల పన్నెండు అన్నారు.

ఆరు పళ్ల వయసు ఎడ్ల విభాగంలో ఐదో జత బండ లాగుతుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. కేక మధ్యలో ఆగిపోయింది. జనం అది ఉత్కంఠ కోసం ఇచ్చిన విరామం అనుకుని నాలుగు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. తర్వాత ఎవరో స్టేజీ ఎక్కి చూశారు.

కుడి చెయ్యి కొంత తిరిగొచ్చింది. కాలు ఈడుస్తూ నడక వచ్చింది. మాట రాలేదు.

అప్పుడే వోకాలిన్ అనే కంపెనీ మెదడులో పెట్టే చిప్పు తెచ్చింది. బొబ్బర గింజంత ఉంటుంది. మనిషి ఒక మాట అనాలని మనసులో అనుకుంటే చాలు, చొక్కా జేబులోని అగ్గిపెట్టెంత పెట్టె ఆ మాట పలుకుతుంది. అది కూడా సొంత గొంతుతో. పేరయ్య గొంతు రికార్డింగులకు కరువు లేదు, పదకొండేళ్ల పోటీల వీడియోలున్నాయి. ఒక్కటే చిక్కు. అవన్నీ మైకు ముందు రికార్డయినవే. అందుకని పెట్టె మజ్జిగ అడిగినా పోటీలో ఆఖరి ముప్పై సెకన్ల ఊపులోనే అడిగేది.

"శేషారత్నం వస్తోంది! చేతిలో గ్లాసు! గ్లాసు కదిలింది... కదిలింది... మజ్జిగలో ఉప్పు లేదు!"

"వీధంతా ఇంటున్నారయ్యా, మెల్లగా అనుకో," అనేది ఆయన భార్య శేషారత్నం.

ఆ ఊపు రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఎద్దు అనుకున్నప్పుడు మెదడులో ఏ తీగ ఎంత కదిలిందో, నీళ్లు అనుకున్నప్పుడు ఎంత కదిలిందో చిప్పు ఒక్కొక్కటే నేర్చుకోవాలి. రోజుకు నాలుగు గంటలు. నేర్పింది కూతురు వకుళ. ఆమె "ఎద్దు" అని కార్డు చూపించేది, ఆయన ఎద్దు అనుకునేవాడు, ఆమె మీట నొక్కేది. మొదటి నెలంతా ఎద్దుకు పెట్టె "ఆవకాయ" అంది. తొమ్మిదో నెలలో ఒక పొద్దున "వకుళా, నిద్ర పోవే తల్లీ, కళ్లు పీక్కుపోయినయ్!" అని కేక వేసింది. వకుళ బాత్‌రూములోకి వెళ్లి ట్యాపు తిప్పి, ఒక బకెట్టు నిండేదాకా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

ఇది జరిగిన ఏడాదిన్నరకు ఈమెయిల్ వచ్చింది. కంపెనీ మూసేస్తున్నారు. మాటకు సంబంధించిన వ్యాపారం అంత ఆసక్తికరంగా లేదని కొత్త యజమానులకు అనిపించిందట. మార్చి ముప్పై ఒకటిన, వాళ్ల అర్ధరాత్రికి, అంటే మనకు మధ్యాహ్నం పన్నెండున్నరకు, సర్వర్లు ఆపేస్తారు. మీ మాటల ప్రయాణంలో మేమూ పాలుపంచుకున్నందుకు గర్విస్తున్నాం. కింద ఒక నవ్వు మొహం.

నిమిషానికోసారి చిప్పు ఆ సర్వర్‌ని అడిగేది, "నేను పనిచెయ్యొచ్చా?" అని. అది తల ఊపితేనే తాళం తెరిచేది. సర్వర్ లేకపోతే తాళం తెరుచుకోదు. తాళం లోపల తొమ్మిది నెలల పేరయ్య ఉన్నాడు.

వకుళ పనిచేసే చోటు ఇలాంటి చిప్పుల అనాథ శరణాలయం లాంటిది. గుంటూరు పొన్నూరు రోడ్డులో టైర్ల షాపు మీద రెండు గదులు. కింద ట్యూబులో గాలి కొట్టినప్పుడల్లా పైన వైజ్ఞానిక పరిశోధన ఒక అంగుళం పక్కకు జరిగేది. కంపెనీలు వదిలేసిన చెవులు, కళ్లు, మోకాళ్లు అక్కడికి వస్తాయి. వాటిలోని కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, ప్రపంచం నలుమూలలా వాలంటీర్లు కలిసి రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తారు. దానికి ఏదో నోరు తిరగని పేరుంది. వకుళతో పనిచేసే జిలానీ దాన్ని ‘ఉమ్మడి’ అనేవాడు. గుంటూరులో అదే నిలిచిపోయింది.

"కంపెనీది తాళమేసిన బోరింగక్కా," అన్నాడు జిలానీ ఆ ఈమెయిల్ చూసి. "మనది ఊరి బావి. ఎవురన్నా తోడుకోవచ్చు, ఎవురన్నా బాగుచెయ్యొచ్చు."

"ఊరి బావిలో చచ్చిన పిల్లులు కూడా ఉంటాయిరా."

"ఉంటయ్. కానీ తియ్యటానికి యాభై మంది దిగుతారు. బోరింగులో పడితే యాడ దిగుతావ్?"

చెయ్యాల్సిన పని చెప్పుకోవడానికి చిన్నదే. సర్వర్ ఇంకా తల ఊపుతుండగానే, తాళం తెరిచి ఉన్నప్పుడే, లోపలి నేర్పంతా బయటికి కాపీ చేసుకోవాలి. దానికి నలభై నిమిషాలు. తర్వాత ఉమ్మడి ఎక్కించి ఆ నేర్పు మళ్లీ అందులో పెట్టాలి. పేరయ్య ఒక తాళం ఇంట్లోంచి తాళం లేని ఇంట్లోకి మారతాడు, అంతే.

"కాపీ కాకపోతే మళ్లీ మొదట్నుంచి నేర్పుదాం," అంది వకుళ, తనకు తానే ధైర్యం చెప్పుకోవడానికి.

జిలానీ స్కానింగు తెచ్చి చూపించాడు. తీగలు గుచ్చిన చోట మెదడు గట్టిపడింది. "కాయ కాసిందక్కా. సంకేతం మొదట్లో ఉన్నదాంట్లో ఇరవయ్యో వంతు కూడా రావట్లా. నేర్చుకున్న చిప్పు కాబట్టి ఆ కాస్తతో లాక్కొస్తంది. కొత్తగా అయితే నేర్చుకోలేదు."

అంటే ఒక్కటే అవకాశం. వకుళ ఆ రోజే పని మొదలెడదామంది. అప్పుడు ఫిబ్రవరి పద్నాలుగు, నలభై అయిదు రోజుల గడువుంది.

"మూఢం నడుస్తోంది," అంది శేషారత్నం.

ఆ ఇంట్లో రాజ్యాంగం శేషారత్నం రాసింది, సవరణలు కూడా ఆమెవే. మొదటి ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టించింది ఆమె, అది విజయవంతమైంది కూడా ఆమె లెక్కలోనే పడింది. సర్జన్‌కు కూడా కొంత పాత్ర ఉండొచ్చని ఆమె ఒప్పుకుంటుంది.

"ఇది పెళ్లి కాదమ్మా. సాఫ్ట్‌వేర్."

"పెళ్లయితే తేడా వచ్చినా సర్దుకుపోతారు. ఇది సర్దుకుపోద్దా?"

నాలుగేళ్ల ఇంజనీరింగులో వకుళను ఎవరూ ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు.

పేరయ్య పడక్కుర్చీలోంచి ఇద్దరినీ చూశాడు. పెట్టె మోగింది. "రెండు జతలూ బరిలోకి దిగినయ్! ఎడమపక్క శేషారత్నం! కుడిపక్క వకుళ! ఎవరూ తగ్గట్లా, ఎవరూ తగ్గట్లా! మరి బండేది? బండ నేనే!"

ముగ్గురూ నవ్వారు. నవ్వితే వాదన ఓడిపోయినట్టేనని వకుళకు తర్వాత తెలిసింది. సిద్ధాంతి గారు పంచాంగం తిరగేశారు. మూఢం మార్చి ఇరవైతొమ్మిది దాకా. ముప్పైన చవితి పనికిరాదు. ముప్పై ఒకటి పంచమి, శుక్రవారం, ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు దివ్యంగా ఉంది. నలభై అయిదు రోజుల్లో ప్రపంచంలో మరో మంచి నిమిషం లేదట.

పది పన్నెండుకు మొదలుపెట్టినా పదకొండు లోపు అయిపోతుంది. చాలు కదా అనుకుంది వకుళ.

ముప్పై ఒకటిన తొమ్మిదిన్నరకల్లా పేరయ్య ల్యాబులో కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు. శేషారత్నం కంప్యూటర్‌కు కూడా బొట్టు పెట్టింది. కాపీ చేసే రీడర్‌ను విజయవాడలో సరిచేయించి జిలానీ తెల్లవారకముందే బయల్దేరాడు. తొమ్మిది యాభైకి ఫోన్ చేశాడు.

"అక్కా, మిర్చి యార్డు కాడ లారీలు ఆగిపోయినయ్. ముందర లారీ, ఎనక లారీ. మధ్యలో నేను తుమ్ముతా ఉన్నా."

"నడిచి రారా!"

"నడవటానికి సందు లేదు. లారీల మీంచి దూకాలి."

పది పన్నెండు వచ్చింది, శేషారత్నం కొబ్బరికాయ పట్టుకుని గడియారం వైపు చూస్తుండగానే వెళ్లిపోయింది. పదిన్నరకు రాహుకాలం మొదలైంది. పది యాభైకి జిలానీ వచ్చాడు, కళ్లు ఎర్రగా, జుట్టులో మిరపగింజలతో.

శేషారత్నం భర్త జేబులోంచి పెట్టె తీసి గుప్పిట్లో పెట్టుకుంది. అది లేకుండా కంప్యూటర్ చిప్పును అందుకోలేదు. "పన్నెండు దాకా ఎవురూ ముట్టుకోటానికి లేదు."

"పన్నెండుకు మొదలెడితే పన్నెండు నలభై అవుద్దమ్మా," అంది వకుళ. " పన్నెండున్నరకు ఆపేస్తారు."

"పది నిమిషాలేగా. కంపెనీవోడి కాళ్లు పట్టుకో."

"ఆ కంపెనీలో కాళ్లున్నవాళ్లెవరూ మిగల్లేదమ్మా."

"రాహుకాలంలో మీ నాన్న తలలో చెయ్యి పెట్టనీను. నువ్వేమన్నా అనుకో."

గుప్పిట బిగిసింది. వకుళకు తల్లి కళ్లలో మొండితనం కాదు, భయం కనిపించింది. పోటీ రోజు పక్షవాతం వచ్చింది కూడా రాహుకాలంలోనే. ఆ సంగతి ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. వాదించి గెలిచే రకం కాదది.

అప్పుడు వకుళకు తెలివైన ఆలోచన వచ్చింది. ఆమె జీవితంలో వచ్చిన తెలివైన ఆలోచనల్లో అది ఆఖరిది అని చెప్పొచ్చు.

"అమ్మా, చిప్పుకు మన టైముతో పనిలేదు. దాని లోపల దాని గడియారం ఉంటది. అది మనకంటే వెనక నడుస్తోంది. అందులో ఇంకా పది పన్నెండు కాలేదు."

"నిజంగానా?"

"కావాలంటే స్క్రీన్ మీద చూపిస్తా. ఫోటో తీసి సిద్ధాంతి గారికి పంపు."

శేషారత్నం సిద్ధాంతి గారికి ఫోన్ చేసింది. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. బ్రహ్మకో కాలం, దేవతలకో కాలం, మనుషులకో కాలం ఉండగా చిప్పుకొకటి ఎందుకు ఉండకూడదన్నారు. లోపలి కాలమే ప్రమాణమట. శేషారత్నం గుప్పిట విప్పి పెట్టె మళ్లీ భర్త జేబులో పెట్టింది. మెట్ల దగ్గర గుమ్మడికాయ కొట్టి వస్తానని కిందికి వెళ్లింది. జిలానీ పక్కగదిలో రీడర్‌కు తీగలు కలుపుతున్నాడు.

వకుళ చిప్పు సెట్టింగ్స్ తెరిచింది. చిన్నప్పుడు ఫోన్లో ఉచితంగా నెలరోజులే ఇచ్చిన ఆటల్ని తేదీ వెనక్కి తిప్పి ఏడాది పొడుగునా ఆడింది. చేతికి అలవాటైన పనే. పదకొండు గంటల రెండు నిమిషాలను పది గంటల తొమ్మిది నిమిషాలు చేసింది. తలెత్తితే తండ్రి చూస్తున్నాడు. ఆమె పెదాల మీద వేలు పెట్టింది. పేరయ్య కళ్లలో కొంటెతనం మెరిసింది. ఆయన గుసగుసగానే అనుకుని ఉంటాడు. కానీ పదకొండేళ్ల రికార్డింగుల్లో ఒక్క గుసగుస కూడా లేదు కదా, పెట్టె పొన్నూరు రోడ్డు అదిరేలా కేక వేసింది.

"చెప్పన్లే!"

"ఏందంటా?" అని కింద నుంచి శేషారత్నం.

"ఏంలేదమ్మా, గుమ్మడికాయ కొట్టు!"

స్క్రీన్ మీద పది గంటల పన్నెండు నిమిషాలు పడగానే శేషారత్నం ఫోటో తీసింది. వకుళ కాపీ మొదలెట్టింది. ఒక శాతం. రెండు. మూడు. తర్వాత ఆగింది. తర్వాత స్క్రీన్ మీద ఒక సందేశం తెరుచుకుంది, గుండ్రటి మూలలతో, లేత నీలం రంగులో, చాలా అందంగా.

సమయంలో తేడా గుర్తించాం. మీ భద్రత కోసం మీ సమాచారాన్ని తొలగించాం. సహకరించినందుకు ధన్యవాదాలు.

జిలానీ స్క్రీన్ చూశాడు. తర్వాత వకుళను చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా. గడియారం ముట్టుకున్నావా?"

వకుళ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"గడువు తప్పించుకోటానికి దొంగలు చేసే మొదటి పని అదేనక్కా. కంపెనీ కనిపెట్టుకుని ఉంటది. గడియారం ఎనక్కి పోతే దొంగ పడ్డాడని లోపలిది మొత్తం తగలబెట్టేసుద్ది."

సర్వర్లు చావబోతున్నా, యజమానులు అమ్ముకుని వెళ్లిపోయినా, కాపలా మాత్రం ఆఖరి గంట దాకా డ్యూటీ చేసింది. తొమ్మిది నెలలు, రోజుకు నాలుగు గంటలు. చెరపడానికి సెకను కూడా పట్టలేదు.

"అయిందా?" అంది శేషారత్నం, ఫోటో సిద్ధాంతి గారికి పంపుతూ.

ఉమ్మడి ఎక్కించడం ఆరు నిమిషాల్లో అయిపోయింది. ఒక్క హెచ్చరిక రాలేదు, ఒక్కసారి ఆగలేదు. ఆ ల్యాబు చరిత్రలో అంత చక్కగా జరిగిన పని మరొకటి లేదు. చిప్పు ఇప్పుడు ఎవరి అనుమతీ అడగదు. ఏ దేశంలో ఏ అర్ధరాత్రి అయినా దానికి లెక్కలేదు. పూర్తిగా స్వేచ్ఛగా ఉంది.

"ఏదన్నా అను నాన్నా," అంది వకుళ.

పేరయ్య ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి. పెట్టె ఎవరో కుర్ర వాలంటీరమ్మ గొంతుతో మర్యాదగా పలికింది. "ఉమ్మడికి స్వాగతం. దయచేసి భాషను ఎంచుకోండి."

"ఎవత్తె ఇది?" అంది శేషారత్నం.

మళ్లీ కార్డులు మొదలయ్యాయి. రోజుకు నాలుగు గంటలు, తర్వాత ఆరు. పెట్టె అన్నిటికీ "కిటికీ" అనేది. నీళ్లకు కిటికీ, అన్నానికి కిటికీ, నొప్పికి కిటికీ. శేషారత్నం మొదట్లో నిజంగానే లేచి వెళ్లి కిటికీ తీసేది. రెండో నెలలో పేరయ్య కార్డుల వైపు చూడటం తగ్గించాడు. పక్క ఊళ్లో పోటీలున్నాయని ఎవరో పిలవడానికి వస్తే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

వకుళ తల్లికి చెప్పలేదు. చిప్పు పాతబడింది, కంపెనీవాళ్లు ముందే ఆపేశారు, అలా ఏదో అంది. అంతకంటే ఘోరమేమిటంటే శేషారత్నం ఆమెను ఓదార్చడం.

"నువ్వేం బాధపడమాక. సిద్ధాంతి గారు చెప్పారు, ఆ ముహూర్తం గనక తప్పితే మనిషే దక్కేవాడు కాదంట. మాటతో పోయింది. ఇంకో ముద్ద పెట్టుకో."

వకుళ ఇంకో ముద్ద పెట్టుకుంది.

ఒక్క చోట మాత్రం నిజం రాసింది. ఉమ్మడిలో ఎవరు ఏ తప్పు చేసినా ప్రపంచానికంతా కనిపించేలా రాయాలి, అదీ నియమం. పేర్లు తీసేసి రాసింది. గుంటూరులో ఒక కూతురు, తల్లి తృప్తి కోసం, చిప్పు గడియారం వెనక్కి తిప్పింది. రాహుకాలం అంటే ఏమిటో ఒక పేరా వివరించింది. తిట్లు పడతాయనుకుంది. నాలుగు వందల మంది జాలి పడ్డారు. చలిదేశంలో ఎక్కడో ఒక లెక్కల టీచరు తొమ్మిది గంటల్లో పరిష్కారం రాసి పంపాడు. అసలు గడియారాన్ని ముట్టుకోకుండా, కుటుంబానికి కావాల్సిన టైము స్క్రీన్ మీద చూపించే సదుపాయం. పేరు ముహూర్తం మోడ్. ఏ కంపెనీ చిప్పుకైనా పనిచేస్తుంది. ఆ ఎండాకాలంలోనే నలభై ఒక్క కుటుంబాలు దాన్ని వాడుకున్నాయి. నలభై ఒక్కరి మాటా దక్కింది. కొందరు థాంక్స్ చెప్తూ వీడియోలు పెట్టారు. వకుళ అన్నీ చూసింది. పిఠాపురంలో ఒక ముసలాయన నోరు ఆపకుండా అరగంట మాట్లాడాడు.

ఆగస్టులో తెలుగు వాలంటీర్లు ఉత్సాహపడి ఉమ్మడిలో ఉన్నదంతా తెలుగులోకి మార్చేశారు. సూచనలు, హెచ్చరికలు, తెలిసిన పొరపాట్ల పేజీ, అన్నీ. మంచి తెలుగు, చదవడానికి హాయిగా ఉంది. శేషారత్నం ఫోన్లో కూడా ఆ యాప్ ఉంది, భర్త పెట్టె చార్జింగు చూసుకోవడానికి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె కళ్లజోడు పెట్టుకుని ఫోన్ చదువుతోంది. పేరయ్య పడక్కుర్చీలో ఉన్నాడు. వకుళ కార్డులు సర్దుతోంది. అప్పటికి ఆశ తగ్గించుకుని తగ్గించుకుని రెండే కార్డులు మిగిల్చారు. అవును, కాదు. ఆ రెండింటిలో ఆయన ఏది అనుకున్నాడో తెలిస్తే చాలనుకున్నారు.

"ముహూర్తం మోడ్ ఎందుకు పుట్టింది," అని శేషారత్నం పైకి చదివింది. ఆమె ఏది చదివినా పైకే చదువుతుంది. "గుంటూరు నగరంలో ఒక కుమార్తె..." తర్వాత గొంతు తగ్గింది. తర్వాత పెదాలు మాత్రమే కదిలాయి. ఆఖర్న వేలు ఒకచోట ఆగింది. "పది గంటల పన్నెండు నిమిషాలు."

వకుళ చేతిలో కార్డు అలాగే ఉండిపోయింది.

శేషారత్నం కూతుర్ని ఏమీ అడగలేదు. కుర్చీ దగ్గరికి వెళ్లి, పెట్టెను సరిగ్గా జేబులో నిలబెట్టి, భర్త మొహంలోకి వంగింది.

"ఏమయ్యా. ఆరోజు నువ్వక్కడే ఉన్నావుగా. గడియారం తిప్పింది మన పిల్లేనా?"

పేరయ్య వకుళ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. మెడ నరం ఒకటి కదిలింది. పెట్టె పదకొండు సెకన్లు ఆలోచించింది.

"కాదు," అంది, ఆ వాలంటీరమ్మ గొంతుతో.

శేషారత్నం ఊపిరి వదిలింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "కాదంట. గుంటూర్లో నువ్వొక్కదానివేనా ఏంది, ఎంతమంది లేరు. ఎవత్తో పాపం." తర్వాత మొహం వెలిగిపోయింది. "చూశావటే, మీ నాన్న జవాబు చెప్పాడు! అడిగినదానికి జవాబు చెప్పాడు!"

ఆ పొద్దున్నే వకుళ రెండు వందల ప్రశ్నలు అడిగి లెక్క రాసుకుంది. నీ పేరు పేరయ్యా? మనకు రెక్కలున్నాయా? రెండు వందల్లో పెట్టె సరిగ్గా చెప్పింది నూట రెండు. రూపాయి బిళ్ల ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. ఆయన కాదు అనుకున్నాడో, అవును అనుకున్నాడో తెలుసుకునే మార్గం ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

పేరయ్య ఇంకా ఆమెనే చూస్తున్నాడు.

"ఇంకోసారి అడగనా?" అంది శేషారత్నం.

"వద్దమ్మా," అంది వకుళ. "అలిసిపోతాడు."